రాగడి అసలు పేరు

దీపం దగ్గరికి జరగండి పిల్లలూ! భయపడేవాళ్ళు పక్కవాళ్ళ చెయ్యి పట్టుకోండి. మధ్యలో ఎవరు కెవ్వుమన్నా నేను మాత్రం కథ ఆపను, ముందే చెబుతున్నాను.

పూర్వం తేనెమల అనే రాజ్యాన్ని చిత్రకంఠుడనే రాజు పాలించేవాడు. ఆ రాజ్యం చుట్టూ అడవులు, అడవుల నడుమ నిట్టనిలువు కొండచరియలు, చరియల నిండా బుట్టలంత తేనెపట్లు. తిండికి లోటు లేదు, శత్రువుల బెడద లేదు. అయినా ఆ రాజ్యంలో పొద్దు వాలితే తలుపు తీసి ఉన్న ఇల్లు ఒక్కటి కనిపించేది కాదు. దానికి కారణం రాగడు.

రాగడంటే అడవిలో తిరిగే మృగం. ఎద్దంత ఎత్తు, కొడవళ్ళలాంటి గోళ్ళు, చింతపండుతో తోమిన చెంబులా మెరిసే రాగిరంగు బొచ్చు. అది మనుషులను తినదు. తిన్నా బాగుండేదేమో! దాని గోరు ఒంటికి గీసుకుంటే గాయం ఇట్టే మానిపోయేది గాని, ఆ చోట రాగిరంగు వెంట్రుకలు మొలిచేవి. రోజురోజుకూ అవి ఒళ్ళంతా పాకేవి. ఇక అమావాస్య రాగానే ఆ మనిషి ఎవరు పట్టుకున్నా ఆగకుండా అడవిలోకి నడిచిపోయి, రాగడి మందలో కలిసిపోయేవాడు.

ఇంతకన్నా భయంకరమైనది ఇంకొకటుంది. రాగడి గోరు తగిలినవాళ్ళ పేరు ఎవరూ ఎత్తకూడదు. ఎత్తితే ఆ రాగి పేరెత్తినవాళ్ళకూ అంటుకుంటుందని తాతముత్తాతల నాటి నమ్మకం. అందుకే కన్నతల్లి కూడా ఆ బిడ్డను పేరుతో పిలిచేది కాదు. రాజుగారి ఒక్కగానొక్క కూతురికి ఉద్యానవనంలో ఆ గోరు తగిలితే, ఆమె పేరు కోటలో వినబడకూడదని రాజే చాటింపు వేయించాడు. చాటింపు వేసినవాడు కూడా ఆ పేరు చెప్పకుండానే చాటాడు, పాపం.

ఆ రాజ్యపు పొలిమేరలో తేనె తీసేవాళ్ళ గూడెం ఉంది. అక్కడ తిప్పమ్మ అనే ఆమెకు ఇద్దరు బిడ్డలు. పెద్దవాడు ఓబులు, చిన్నది గురివి. గురివికి పదమూడేళ్ళు. బక్కపలచని పిల్ల, మాట గట్టిది. అన్నంటే పంచప్రాణాలు.

ఓబులు నడుముకు తాడు కట్టుకుని చరియ మీద నుంచి దిగి తేనె తీసేవాడు. తాడు మొదలు చెట్టుకు కట్టి, జారకుండా చూస్తూ గురివి పైన కూర్చునేది. అడవిలో మాట్లాడకూడదు, మాట్లాడితే రాగడు వింటుంది. పాట మాత్రం పాడవచ్చు. పాడవచ్చేమిటి, తాడు దగ్గర కూర్చున్నవాళ్ళు పాడి తీరాలి! పైన పాట వినబడుతున్నంతసేపూ కిందివాడికి ధైర్యం. తేనె నిండగానే ఓబులు తాడును రెండుసార్లు గుంజేవాడు. అదీ వాళ్ళ పని పద్ధతి.

గురివికి వచ్చిన పాట ఒక్కటే. అది వాళ్ళ అమ్మ పాడిన జోల.

"జోజో ఈరవేలా, జోజో ఈరవేలా,
చెట్టు పండెను, పుట్ట పండెను, చెంతకు రారా ఈరవేలా."

ఈరవేలా అంటే ఏమిటని అడిగితే తిప్పమ్మ నవ్వేది. "లాలి అంటే ఏందో, ఇదీ అంతే. నోటికొచ్చిన కూత" అనేది.

ఒకనాడు ఓబులు చరియకు వేలాడుతూ పట్టు కోస్తుండగా, పక్కనున్న రాతిగట్టు మీదికి రాగడు వచ్చింది. పైనుంచి గురివి చూసింది. ఆమె పాడుతూనే ఉంది. వింతేమిటంటే, రాగడు మీద పడలేదు. మెడ పక్కకు వంచి, చెవులు నిక్కించి, ఎవరో పిలిస్తే విన్నట్టు గట్టు మీద కుదురుగా కూర్చుంది. తలెత్తి గురివి వైపు చూసింది.

ఆ కళ్ళు చూడగానే పిల్ల పైప్రాణాలు పైనే పోయాయి. పాట ఆగింది. అంతే! రాగడు కొండలదిరేలా అరిచి పంజా విసిరింది. గోటి కొన ఓబులు భుజాన్ని గీసుకుంటూ పోయింది.

"ఏం కాలేదులే, ముల్లు గీరినట్టుంది" అన్నాడు ఓబులు పైకి వచ్చి. ఆ భుజం మీద అప్పుడే ఒక సన్నని వెంట్రుక ఎండలో తళుక్కుమంటోంది.

ఆ రోజు నుంచి గూడెం ఆ ఇంటి వైపు తొంగి చూడలేదు. తిప్పమ్మ కొడుకును వెనకనున్న కట్టెల పాకలో పడుకోబెట్టింది. మొదట్లో "వాడికి కూడు పెట్టిరా" అనేది. బొచ్చు మెడ దాకా వచ్చాక "దానికి పెట్టిరా" అంది. అన్నాక కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

అమావాస్య సాయంత్రం గురివి సంకటి పట్టుకుని పాకలోకి వెళ్ళింది. ముఖం తప్ప ఒళ్ళంతా రాగి అయిపోయిన ఓబులు ఆమె వైపు దీనంగా చూశాడు.

"గురివీ, నన్నెవరూ పేరు పెట్టి పిలవట్లేదే. నాకే మతికి రావట్లేదు. నా పేరేందే?"

గురివి పుట్టినప్పటి నుంచి అతన్ని అన్నా అనే పిలిచింది గాని పేరుతో పిలవలేదు. ఇప్పుడు ఆ పేరు నాలుక చివర ఉంది. కాని రాగి తనకూ పాకుతుందేమోనన్న భయం ఆమె గొంతు నొక్కేసింది. "అన్నా..." అంది. మళ్ళీ "అన్నా..." అంది. అంతకు మించి రాలేదు.

ఓబులు తల వంచుకుని లేచి, పాక గోడ పక్కగా నడిచి అడవిలోకి పోయాడు. ఒక్కసారైనా వెనుదిరిగి చూడలేదు. రాజుగారి కూతురు కూడా అదే సాయంత్రం కోట దాటి పోయింది.

మరునాడు రాజు మంత్రులను పిలిపించాడు. "ఇక చాలు! వచ్చే పున్నమి నాటికి అడవి చుట్టూ ఎండుగడ్డి పేర్పించండి. సాయంకాలం నిప్పు పెట్టండి. మంద మొత్తం కాలిపోవాలి" అని ఆజ్ఞాపించాడు. మందలో తన కూతురుందని తెలిసే ఆ మాట అన్నాడు. రాయి చేసుకున్న గుండె ఎంత పనైనా చేయిస్తుంది.

ఆ చాటింపు గురివి వింది. పున్నమిలోగా అన్నను తేవాలి. లేకపోతే మంటల్లో అన్న బూడిదైపోతాడు. ఆమె తేనెతాడు భుజాన వేసుకుని, తల్లికి కూడా చెప్పకుండా, గూడేనికి ఆవల ఏళ్ళ తరబడి తపస్సు చేసుకుంటున్న పుట్టముని దగ్గరికి పరుగెత్తింది.

పుట్టముని చుట్టూ చీమలు పుట్ట కట్టేశాయి. తల మాత్రమే బయటికి కనిపించేది. కోపిష్టి ముసలాయన.

"ఏమిటే ఏడుపు? చీమలు కుట్టినా కళ్ళు తెరవనివాణ్ణి, నీ ఏడుపుతో తెరిపించావు" అని గదిమాడు. గురివి వెక్కుతూనే సంగతంతా చెప్పింది.

"సరే విను. మీ అమ్మ చీకటి పడ్డాక పామును పాము అంటుందా?"

"అనదు సామీ. పురుగు అంటాది."

"ఎందుకట?"

"పేరు పెట్టి పిలిస్తే వస్తాదని భయం."

"చూశావా! రాగడు అన్నదీ అలాంటిదే. అది పేరు కాదు, రంగు. రాగిరంగుది అని అర్థం. అసలు పేరు అనడానికి భయపడి మీ పెద్దవాళ్ళు రంగు చెప్పడం మొదలుపెట్టారు. చెప్పీ చెప్పీ పేరు పోయింది, రంగు మిగిలింది. కొండకు అవతల గొర్రెల కాపరుల దేశం ఉంది. ఏటికి అవతల ఉప్పు పండించే దేశం ఉంది. వాళ్ళ భాషలూ మీ భాషా ఒక తల్లి బిడ్డలు. వెళ్ళి అసలు పేరు వెతుకు. ఆ పేరుతో పిలిస్తే మృగం తిరిగి చూస్తుంది. దగ్గరికి వస్తుంది. అప్పుడు పారిపోకుండా నిలబడాలి."

"నిలబడలేకపోతే?"

"నన్నడిగితే? నేను పుట్టలో ఉన్నాను కదా!" అని ముని కళ్ళు మూసుకున్నాడు.

గురివి కొండ ఎక్కింది. కనుమ ఇరుకైన చోట, దారికి అడ్డంగా కాళ్ళు చాపుకుని ఒక రాకాసి కూర్చుని ఉంది. దాని ఒడిలో మనుషుల చెప్పులు గుట్టగా పడి ఉన్నాయి. చెప్పులు తొడుక్కున్నవాళ్ళు ఏమయ్యారో నేను చెప్పను, మీరే ఊహించుకోండి.

"ఆగు పిల్లా! నీకు దేనంటే అన్నింటికన్నా భయమో నిజం చెప్పు. నిజమైతే కాళ్ళు ముడుస్తాను. అబద్ధమైతే నోరు తెరుస్తాను" అంది రాకాసి.

"రాగడంటే భయం" అంది గురివి వెంటనే.

రాకాసి నోరు కొంచెం తెరుచుకుంది. లోపల నుంచి పాతాళపు చల్లగాలి కొట్టింది. "అందరూ అదే చెబుతారు. అది దాని రంగు. నీ భయం నాకు చెప్పు!"

గురివి వెనక్కి చూసింది. పారిపోదామంటే వెనక లోయ. కళ్ళు గట్టిగా మూసుకుని, "మా అన్న నా ఎదటికొచ్చి నిలబడితే, నేను మళ్ళీ నోరు మూసుకుంటానేమోనని భయం. ఒకసారి మూసుకున్నా" అంది. అని భోరుమంది.

రాకాసి నోరు మూసుకుంది. బండల్లాంటి కాళ్ళు మెల్లగా ముడుచుకుంది. గురివి వాటి పక్కగా, ఊపిరి బిగబట్టి దాటిపోయింది.

కొండ అవతల గొర్రెల కాపరుల పల్లెలో ఒక తల్లి ఊయల ఊపుతోంది. వాళ్ళ మాట గురివికి సగం తెలిసింది, సగం తెలియలేదు. చిన్నప్పుడు విడిపోయిన చుట్టం ముఖంలా ఎక్కడో చూసినట్టుంది.

"అక్కా, అడవిలో తిరిగే ఆ రాగిబొచ్చు మృగాన్ని మీరేమంటారు?"

"రాగన్ అంటాం" అంది ఆమె గొంతు తగ్గించి.

"దాని అసలు పేరు?"

ఆ తల్లి ముఖం పాలిపోయింది. "అట్ల అడగొద్దు చెల్లీ! పిల్లలున్న ఇల్లు. పో, పో!" అని గురివిని బయటికి నెట్టి గడియ వేసింది. లోపల బిడ్డ ఉలిక్కిపడి ఏడ్చింది. తలుపు వెనక ఆమె ఏదో జోల ఎత్తుకుంది. "మంద చేరెను, మంచు చేరెను, జోజో ఈరవేలా" అని సన్నగా వినిపించింది. గురివికి అమ్మ గుర్తొచ్చి దుఃఖం పొంగింది. కాని ఆగి ఆలోచించే ఓపిక లేదు. ఆకాశంలో చంద్రుడు అప్పుడే సగమయ్యాడు.

ఏటి ఒడ్డున పడవ లేదు. నల్లబండ మీద నిలబడి ఏం చెయ్యాలా అని చూస్తుంటే, బండే కదిలింది. గురివి కెవ్వుమంది.

"అరవకు, చెవులు నొప్పి" అంది బండ. అది బండ కాదు, వీపు మీద నాచు పేరుకుపోయిన తాబేలు. "ఆవలి ఒడ్డుకేనా? కూర్చో. వెనకటికి కూడా మీవాళ్ళను మోశాను. నీ ముఖంలో ఆ పోలిక ఉంది."

"మావాళ్ళెవరు తాతా?"

"ముగ్గురు అక్కచెల్లెళ్ళు. వచ్చేటప్పుడు నలుగుర్ని తెచ్చాను, ముగ్గురు ఆడపిల్లలు, వాళ్ళ అన్న. అడవిలో ఒక మాంత్రికుడి తేనె తాగాడట ఆ అన్న. తాగీ తాగగానే ఒళ్ళంతా రాగి పాకింది. పేరు పెట్టి పిలిచి నిలబడితే విడిపోయే శాపమే. పాపం, వాళ్ళు జడుసుకున్నారు. తిరిగి ఈ ఒడ్డుకు వచ్చేసరికి ముగ్గురే ఉన్నారు. ఒకతి మీ అడవికి, ఒకతి కొండకు, ఒకతి సముద్రం వైపు, తలో దారీ పట్టారు. ఆ పేరు ఇక నోటితో అనకూడదని ఒట్టు పెట్టుకున్నారు."

గురివి తాబేలు వీపు మీదే లేచి నిలబడింది. అంటే రాగడు పరాయి మృగం కాదు. అమ్మమ్మల అమ్మమ్మలకు తోడబుట్టినవాడు! "ఏం పేరు తాతా? చెప్పు తాతా!"

"నా తల డిప్పలో ఉంది, నాకు సరిగా వినబడితేగా! చిన్నదానికి అన్న పాడితే తప్ప నిద్ర పట్టేది కాదు. ఈ ఒడ్డున కూర్చుని ఒకటే ఏడుపు. పెద్దది ఏదో పాడి ఊరుకోబెట్టింది. అంతే తెలుసు."

సముద్రపు ఒడ్డున ఉప్పుమడుల దేశం. అక్కడ మృగాన్ని రావుడు అన్నారు. అర్థం అదే, రాగిరంగుది. భయమూ అదే. పేరడిగితే ఒకరు ఉప్పుపార ఎత్తారు, ఒకరు కుక్కను ఉసిగొల్పారు. చంద్రుడు దాదాపు నిండిపోయాడు. గురివి ఒక ఉప్పుగుట్ట పక్కన కూలబడి, మోకాళ్ళలో తల పెట్టుకుని ఏడ్చింది. ఎక్కడా దొరకలేదు. ఇక అన్న లేడు.

అప్పుడు ఉప్పు మోసే ముసలామె ఒకతె మనవణ్ణి ఒళ్ళో వేసుకుని జోకొట్టింది. "అలలు పండెను, పడవ పండెను, జోజో ఈరవేలా..."

గురివి తలెత్తింది.

మృగాన్ని మూడు దేశాలవాళ్ళూ మూడు రకాలుగా అంటున్నారు. రాగడు, రాగన్, రావుడు. జోలలో చెట్టు పోయి మంద వచ్చింది, మంద పోయి పడవ వచ్చింది. కాని ఆ ఒక్క మాట మాత్రం మూడు చోట్లా చెక్కు చెదరలేదు! ఆ రోజు చరియ మీద ఆ పాట వినే కదా అది మెడ వంచి కూర్చున్నది. పాట ఆగాకే కదా పంజా విసిరింది! అక్కచెల్లెళ్ళు భయంతో అన్న పేరు నోటి నుంచి తీసేశారు, ప్రేమ చంపుకోలేక బిడ్డల ఊయలలో దాచుకున్నారు.

ఆమె లేచి, రాత్రీ పగలూ ఆగకుండా పరుగు తీసింది. తాబేలు మీద ఏరు దాటింది. రాకాసి ఈసారి ప్రశ్న అడగలేదు. పున్నమి సాయంకాలానికి రొప్పుతూ అడవి అంచుకు చేరేసరికి, రాజభటులు గడ్డివాముల పక్కన కాగడాలు పట్టుకుని నిలబడి ఉన్నారు. రాజు గుర్రం మీద ఉన్నాడు. "ఆగండి! కాస్త ఆగండి!" అని అరుస్తూ, పట్టుకోబోయిన భటుడి చేతి కింద నుంచి దూరి గురివి అడవిలో పడింది.

గుహ ముందు మంద ఉంది. వందల రాగి వీపులు, వాటి మధ్య గుట్టలా రాగడు. అన్నీ ఒక్కసారే తల తిప్పి గురివిని చూశాయి. గుర్రుమనే చప్పుడుకు నేల అదిరింది. అయినా గురివి పాట ఎత్తుకుంది. గొంతు వణికి సగంలో విరిగింది. ఇక పాట వదిలేసి, ఉన్న ఊపిరంతా పట్టి అరిచింది.

"ఈరవేలా!"

రాగడు లేచింది. ఒక్కో అడుగూ వేసుకుంటూ దగ్గరికొచ్చింది. దాని వేడి ఊపిరి ముఖానికి తగిలింది. పంజా ఎత్తింది. 'కాళ్ళూ, మీకు దండం పెడతా, కదలకండి' అనుకుంది గురివి. కళ్ళు మూయలేదు. కదలలేదు.

పంజా ఆమె తల మీద దిగింది. గోళ్ళు లేవు. అది ముడతలు పడ్డ మనిషి చెయ్యి. రాగిబొచ్చు రాలి నేల మీద పడుతోంది. ఎదురుగా తెల్లగడ్డం ముసలివాడు వణుకుతూ నిలబడి ఉన్నాడు. "ఎంతసేపు పిలవలేదమ్మా! ఎంతసేపు!" అని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

"తాతా, మా అన్న! వీళ్ళందర్నీ కూడా..."

"నన్ను నావాళ్ళు పిలిచారు. వాళ్ళను వాళ్ళవాళ్ళే పిలవాలి తల్లీ. పేరు పెట్టి పిలవాలి" అన్నాడు ఈరవేలు.

గురివి మంద వైపు చూసింది. అన్నీ ఒకటే రంగు, ఒకటే రూపు. వీటిలో అన్న ఎవరు? భుజాన ఉన్న తేనెతాడు తీసి మంద మధ్యలోకి విసిరి, జోల పాడింది. చాలాసేపు ఏదీ కదలలేదు. తరువాత తాడు బిగిసింది. ఎవరో రెండుసార్లు గుంజారు.

తాడు పట్టుకుని ఆమె ఆ మృగం ఎదుటికి వెళ్ళింది. అది పళ్ళు బయటపెట్టింది. "అన్నా" అంది గురివి. ఏమీ కాలేదు. ఆ మాట లోకంలో ఎందరు అన్నలదో! పేరెత్తితే రాగి పాకుతుంది, పేరెత్తితే రాగి పాకుతుంది... గూడెమంతా చెవిలో అంటున్నట్టుంది. దూరంగా కాగడాల వెలుగు చెట్ల మీద ఆడుతోంది.

'పాకితే పాకనీ' అనుకుంది గురివి. 'ఇద్దరం ఒకే మందలో ఉంటాం.' "ఓబులూ!" అంది. "నీ పేరు ఓబులు! తిప్పమ్మ కొడుకు ఓబులువి!"

తన చేతుల వైపు చూసుకుంది. ఒక్క వెంట్రుక మొలవలేదు. ఏమీ కాలేదు. ఇన్ని తరాలుగా ఒక్కరూ అని చూడలేదు, అంతే! ఎదురుగా రాగిబొచ్చు రాలిపోతోంది. దాని కింద నుంచి ఓబులు, తాడు కొన ఇంకా పిడికిట్లో పట్టుకుని, చెల్లెలి వైపు చూసి ఏడుస్తూ నవ్వాడు.

అన్నాచెల్లెళ్ళు ముసలాయన్ను నడిపించుకుంటూ అడవి బయటికి రాగానే కాగడాలు ఆగిపోయాయి. గురివి రాజు గుర్రం ముందు నిలబడి, "దొరా, మీ బిడ్డ అక్కడుంది. పేరు పెట్టి పిలవండి" అంది. రాజు గుర్రం దిగి, కిరీటం తీసి పక్కన పెట్టి, బొంగురుపోయిన గొంతుతో "కనకలేఖా! అమ్మా కనకలేఖా!" అని పిలిచాడు. పొదల్లోంచి ఆ పిల్ల తడబడుతూ వచ్చి తండ్రి మెడ చుట్టుకుంది.

ఇక చూడండి! కబురు తెలిసి ఊళ్ళకు ఊళ్ళు అడవి అంచుకు కదిలాయి. తల్లులు, తాతలు, చెల్లెళ్ళు, అందరూ ఏళ్ళ తరబడి మింగుకున్న పేర్లను గొంతు చించుకుని పిలిచారు. తమవాళ్ళెవరూ మిగలనివాళ్ళను ఊరి పెద్దలు గుర్తు తెచ్చుకుని పిలిచారు. తెల్లవారేసరికి ఆ నేలంతా రాగిబొచ్చు పరుచుకుంది.

రాజు గురివిని ఆ అడవికి దొరసానిని చేశాడు. ఓబులుకూ కనకలేఖకూ మరుసటి ఏడు పెళ్ళి జరిగింది. ఈరవేలు తాత మూడు దేశాలూ తిరిగి, చెల్లెళ్ళ బిడ్డల బిడ్డలను ఊయలలూపి, అందరికీ ముద్దుల తాతయ్యాడు.

కాని నేను చెప్పాలనుకున్నది అన్నాచెల్లెళ్ళు అడవి నుంచి తిరిగొచ్చిన ఆ రాత్రి సంగతి. ఓబులు ఇంటికి వచ్చి కూర్చున్నాడు. తిప్పమ్మకు కొడుకు ముఖం చూసే ధైర్యం లేదు. కన్నకొడుకును పట్టుకుని "దానికి పెట్టిరా" అన్న నోరు కదా! తల వంచుకుని వడ్డిస్తోంది. గురివి చేతులు కడుక్కుంటూ, "ఓబులూ, నాకు కాస్త జరుగు" అంది.

"ఏమే, పెద్దంతరం చిన్నంతరం లేదా? అన్నను పేరు పెట్టి పిలుస్తావా?" అని తిప్పమ్మ అలవాటు కొద్దీ కసిరింది. అనేసి, గరిటె అలాగే పట్టుకుని నిలబడిపోయింది. కళ్ళ నుంచి నీళ్ళు జలజలా కారాయి.

"పిలువమ్మా, పిలువు" అంది. తరువాత తానే కొడుకు తల మీద చెయ్యి వేసి, "ఓబులూ, ఇంకో ముద్ద తినరా" అంది.